పుట్టినరోజు, వింటివేత దూరం



పుట్టినరోజు చేసుకోవడం విశ్వాసికి తగునా అని మన పల్లెల్లో ఇంకా అడుగుతూనే ఉంటారు. అడిగేవారి చేతిలో లేఖనం కూడా ఉంది. జన్మదినపు విందు అని బైబిలులో స్పష్టంగా కనబడేవి రెండే: ఆదికాండము 40లో ఫరోది, మత్తయి 14లో హేరోదుది. మొదటి విందు నాడు భక్ష్యకారుల అధిపతిని వ్రేలాడదీశారు. రెండవ విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెంలోకి వచ్చింది. కాబట్టి వద్దంటారు. ఆ పాపం పుట్టినరోజుది కాదు, సింహాసనం మీద కూర్చున్నవారిది అని మేమంటాము. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ఆ నెలలో పుట్టినవారు లేచి నిలబడతారు, కృతజ్ఞతార్పణ వేస్తారు, ప్రార్థన చేస్తాము, పిల్లలు చాక్లెట్లు పంచుతారు. అంతే.

2025 జనవరిలో మాత్రం కొంచెం దూరంగా చేశాము. దుబాయిలో ఏసీ పని చేసే మా బావమరిది టికెట్లు పంపితే, పిల్లలతో, మా అత్తగారితో కలిసి వారం రోజులు వెళ్లాము. 828 మీటర్ల బూర్జ్ ఖలీఫాను మెడలు పట్టేసేదాకా చూశాము. పిల్లలకు అంతకన్నా నచ్చింది ఒక్క దిర్హముకు క్రీకు దాటించే అబ్రా పడవ. "మన సఖినేటిపల్లి రేవులో పంటు లాంటిదే కదండీ" అన్నారు అత్తగారు.

17వ తేదీ శుక్రవారం మా పాస్టరమ్మకు 40 నిండాయి. సాయంత్రం డేరాలోని బావమరిది గదిలో కేకు పెట్టి ప్రార్థన చేశాము. ఆమేన్ అన్నాక అత్తగారు కళ్లు తెరవలేదు.

ఆమె సంగతి మీలో కొందరికి తెలుసు. కువైట్ యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1993లో, ఎనిమిదేళ్ల కూతురిని, ఐదేళ్ల కొడుకును వాళ్ల అమ్మమ్మ దగ్గర వదిలి ఖద్దామాగా కువైట్ వెళ్లారు. పదకొండేళ్లలో మూడుసార్లు వచ్చారు. డబ్బు తప్పకుండా వచ్చేది, ఎవరైనా వస్తుంటే మాటలు రికార్డు చేసిన క్యాసెట్ వచ్చేది. పుట్టినరోజుకు ఫోను మాత్రం ఎప్పుడూ రాలేదు. మా పాస్టరమ్మ పెళ్లయిన కొత్తలో ఈ మాట ఒకసారి చెప్పి, మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం అత్తగారే ఎత్తారు. ఆ ఇంట్లో ఒక పాప ఉండేదట. దానికి స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఈమె చేతిమీదే. దాని పుట్టినరోజుకు మూడంతస్తుల కేకు తెచ్చేవారట. దాన్ని ఎత్తుకొని నిలబడి చప్పట్లు కొట్టేదాన్నని చెప్పారు. మన పిల్ల పుట్టినరోజున స్నానాల గదిలో తలుపు వేసుకొని, నీళ్లు తిప్పి, మోకాళ్లూనేదాన్నని చెప్పారు.

"మన కొట్టు ఫోనుకి ఒక్కసారి చెయ్యొచ్చు కదమ్మా," అంది మా పాస్టరమ్మ.

"చేస్తే ఏడుస్తావు. నీ ఏడుపు వినలేకే చెయ్యలేదు."

"చెయ్యకపోయినా ఏడ్చాను."

ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు కొవ్వొత్తుల వైపు చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా ఓదార్పు ప్రసంగాలు చేస్తున్న మాకు కూడా ఒక్క మాట దొరకలేదు. దొరకకపోవడమే మంచిదైంది.

రాత్రి ఆదికాండము 21 తీశాము. అబ్రాహాము ఇస్సాకు పాలు విడిచిన దినాన గొప్ప విందు చేశాడు. అదే అధ్యాయంలో, ఆ ఇంట్లో పని చేసిన హాగరు రొట్టె, నీళ్ల తిత్తి పట్టుకొని అరణ్యానికి వెళ్లింది. నీళ్లు అయిపోయాక బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక వింటివేత దూరాన కూర్చుంది. ఎన్నోసార్లు ప్రసంగించిన వాక్యమే ఇది. ప్రేమ లేక దూరం వెళ్లలేదు ఆ తల్లి, చూడలేక వెళ్లింది. ఏడ్చింది ఆమె అని వ్రాసి, దేవుడు విన్నది మాత్రం చిన్నవాని స్వరమని వ్రాసి ఉంది. తల్లి వినలేనంటూ దూరంగా కూర్చున్నప్పుడు ఆ స్వరం విన్నవాడు ఒకడున్నాడు. ఇది పైకి చదివి వినిపించాము, వివరించలేదు. మా పాస్టరమ్మ లేచి వెళ్లి తల్లి పక్కన పడుకుంది. అలిగిందో, అలక తీరిందో మాకు తెలియదు.

2015లో కువైట్ చట్టం చేసింది: ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. అత్తగారి రోజుల్లో అదీ లేదు. మొదటి నాలుగేళ్లు ఆమె గుడి గడప తొక్కలేదు.

మరునాడు ఉదయం ఆమె మిగిలిన కేకు డబ్బాలో పెట్టి, ఎదురు ఫ్లాటులో పనిచేసే అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయిది పాలకొల్లు దగ్గర పల్లె, ఇంటి దగ్గర ఆరేళ్ల కూతురు ఉంది. అత్తగారు ఆ పాప పుట్టినరోజు ఎప్పుడో అడిగి తెలుసుకొని, మా ప్రార్థన క్యాలెండరులో ఆ తేదీ దగ్గర వ్రాయమన్నారు. వ్రాశాము. మార్చిలో వస్తుంది.