ముట్టుకుంటే పాడవుతుందా?

మీ సంగతి ఏమో గానీ, నా జీవితంలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "ముట్టుకోకు, పాడైతది!" చిన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో మా నాయిన రేడియో దగ్గర విన్నాను. పెళ్ళయి నల్లగొండ వచ్చాక మావారి స్కూటరు దగ్గర విన్నాను. తర్వాత టీవీ వచ్చింది, వీసీఆర్ వచ్చింది, ఇన్వర్టర్ వచ్చింది. వస్తువులు మారాయి గానీ మాట మారలేదు. చిత్రమేమిటంటే, రోజూ చేతులు కాల్చుకునే పొయ్యి దగ్గర మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను "ముట్టుకోకు" అనలేదు!

ఆ వరుసలో చివరగా వచ్చింది కంప్యూటరు. మా అబ్బాయి ఇంజనీరింగు చదివేటప్పుడు కొన్నాం. వాడు ఉద్యోగానికని పూణే వెళ్ళిపోయాడు. కంప్యూటరు మాత్రం ముందుగదిలో, నేనల్లిన క్రోషా గుడ్డ కప్పుకుని, పదవీ విరమణ చేసిన పెద్దమనిషిలా కూర్చుంది. ఎప్పుడన్నా ఆన్ చేస్తే, అది కళ్ళు తెరిచేలోగా నేను పప్పుకు పోపు పెట్టి రావచ్చు. ఒకరోజు రిపేరు షాపాయన వచ్చి చూసి, "దీన్ల ఏం లేదమ్మా, కొత్తది కొనుండ్రి" అని తేల్చేశాడు. పాత సామాన్ల బండికి వేసేద్దామన్నారు మావారు.

నాకు ప్రాణం ఒప్పలేదు. ఎందుకంటే 2013 దసరాకి పాలమూరులో మా అబ్బాయి మా అమ్మను కూర్చోబెట్టి బతుకమ్మ పాటలు పాడించి, రికార్డు చేసి ఆ పెట్టెలో పెట్టాడు. పదకొండు పాటలు. మరుసటి ఏడు అమ్మ పోయింది. వాటికి ఇంకోచోట కాపీ ఉందా అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

మొన్న దసరాకి మా అక్క కొడుకు వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. అక్కడ 2005 నుంచి 'స్వేచ్ఛ' అనే సంస్థ ఒకటి పనిచేస్తోంది. తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం ఒకటి తయారుచేశారు, పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అని మరొకటి చేశారు. వేసవిలో వాళ్ళ శిబిరానికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ మావాడికి ఇదే లోకం.

"చిన్నమ్మా, ఇది పారేసే బండి కాదు. లినక్స్ వేద్దాం" అన్నాడు.

"ఎంతయితదిరా?"

"ఒక్క పైస గాదు."

"ఊరికె వచ్చేదాంట్ల ఏదో మతలబుంటది" అన్నారు మావారు, పేపరు దించకుండానే.

"మతలబేం లేదు చిన్నాయనా. నీ చేతిలున్న ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది గూడ గదే" అన్నాడు వాడు. మావారు ఫోనును ఒకసారి తిప్పి చూసుకున్నారు. ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా లెక్కలు చేసే 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నుంచి దీనిమీదే నడుస్తున్నాయట. కేరళలో సర్కారు బడిపిల్లలు కూడా దీనిమీదే నేర్చుకుంటున్నారట.

ఊరికే ఎందుకిస్తారో వాడు చెప్పిన కథ నాకు బాగా నచ్చింది. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన పనిచేసేవాడు. వాళ్ళ పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఆ కబురు అందరికీ అందేలా ప్రోగ్రామును తనే సవరించుకున్నాడు. తర్వాత కొత్త ప్రింటరు వచ్చింది. అందులోనూ కాగితం ఇరుక్కునేది. కానీ దాని ప్రోగ్రాము ఎలా రాశారో ఇవ్వలేదు. ఆ రాతప్రతి దగ్గరున్న మరో ప్రొఫెసరును అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడట. ఆ కడుపుమంటే పెరిగి, 1983లో 'గ్నూ' అనే ఉద్యమమైంది. ఎవరైనా విప్పి చూసి, మార్చుకుని, నలుగురికీ పంచుకోగల సిస్టం తయారు చేస్తానన్నాడు. దానికి నడుమ గుండెకాయ ఒకటి తక్కువైతే, 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థి సరదాకి రాసిన కెర్నల్ వచ్చి అందులో కుదిరింది.

ఇది మనకు తెలియని బాధేమీ కాదు. ఆవకాయ జాడీ పంపిస్తారు గానీ కొలత చెప్పమంటే మాట మార్చేవాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. లినక్స్ వాళ్ళు జాడీతో పాటు కొలత కూడా ఇస్తారు. ఉప్పు తగ్గించుకుంటావో, వెల్లుల్లి మానేస్తావో నీ ఇష్టం అంటారు.

మావాడు మొదట దాన్ని డిస్కులో ఎక్కించనే లేదు. పెన్‌డ్రైవు గుచ్చి, దానిమీదనుంచే నడిపి చూపించాడు. అద్దెకు దిగేముందు ఇల్లు చూసొచ్చినట్టన్నమాట. నచ్చితే సామాను దించొచ్చు, లేకపోతే పెన్‌డ్రైవు పీకేయొచ్చు, డిస్కులో గీత కూడా పడదు. నాకు నచ్చింది. పాటలున్న 'డి' భాగాన్ని కదిలించకుండా, మిగతాచోట లినక్స్ మింట్ వేశాడు. వెళ్తూ వెళ్తూ పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, "పాడు జేస్తనే నేర్చుకుంటవు చిన్నమ్మా, భయపడకు. గానీ ముందుగాల పాటలు కాపీ తీసుకో" అన్నాడు.

నేను మొదటి సగమే విన్నాను. మనకు నచ్చిన సగమే కదా మన చెవికెక్కేది!

ఇక చూసుకోండి, మధ్యాహ్నాలు మావారు కునుకు తీస్తుంటే నేను కంప్యూటరు ముందు. భాష తెలుగు పెట్టుకున్నాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఒకచోట 'దస్త్రం' అని కనబడగానే నవ్వొచ్చింది. దస్త్రమంటే మా నాయిన తహసీలు కచేరీ నుంచి మోసుకొచ్చే ఎర్రగుడ్డ మూట. ఫైలుకు ఆ పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, నాకు భయం సగం పోయింది.

ఆ దస్త్రాలన్నీ ఒక చెట్టులా ఉంటాయి. మొదలు పేరు 'రూట్', అంటే వేరు. అక్కడినుంచి కొమ్మలు, కొమ్మల్లో రెమ్మలు. పాలమూరు పిల్లలమర్రి కింద ఆడుకున్నదాన్ని, నాకు చెట్టు కొత్తా? ఆ మర్రికి ఊడలే మానులై, అసలు మొదలు ఏదో పోల్చుకోలేం. లినక్సూ అంతే. 1993లో డెబియన్ అని ఒక మాను, దానినుంచి 2004లో ఉబుంటు అని ఒక ఊడ, దానినుంచి 2006లో నా మింట్. ఆ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడుకున్నారు. ముట్టుకోకుండా దండం పెట్టి ఊరుకుంటే బతికేదా చెప్పండి?

ఆపరేటింగ్ సిస్టం ఏం చేస్తుందో నాకు తెలిసింది వంటింటి వల్లే. పొయ్యిలు రెండు, గిన్నెలు పది అనుకోండి. అన్నం దించి పాలు పెడతాం, పాలు పొంగేలోగా దించి పులుసు పెడతాం. తినేవాళ్ళకు అన్నీ ఒకేసారి ఉడికినట్టే ఉంటుంది. కంప్యూటరులో పొయ్యి ప్రాసెసర్. ఏ గిన్నె ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో చూసే ఇల్లాలు కెర్నల్. టెర్మినల్ అనే నల్లకిటికీలో 'టాప్' అని కొడితే, ఏ గిన్నె ఎంత మంట తింటోందో వరుసగా చూపిస్తుంది. నేను చూసేసరికి ఇంటర్నెట్టు బ్రౌజరే అన్నిటికంటే పైన కూర్చుంది. అందులో మావారు తెరిచి మూయని పేజీలు పంతొమ్మిది!

'మ్యాన్' అనే ఆజ్ఞ ఒకటుంది. మగవాడనుకునేరు, మాన్యువల్‌కు పొట్టిపేరు. ఏ ఆజ్ఞ గురించి అడిగినా విసుక్కోకుండా మొదటినుంచి చివరిదాకా చెబుతుంది. మగవాడు కాదని నాకు అక్కడే తెలిసిపోయింది. ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని మొదలుపెడితే ఇది తల్లి, అది పిల్ల. తల్లి ముందే ముగిసిపోతే, అనాథ అయిన పిల్లను మామూలుగా ఒకటో నంబరు ప్రాసెస్ దత్తు తీసుకుంటుంది. నవ్వకండి, అది చదివిన రోజు నాకు కాసేపు కళ్ళు చెమర్చాయి.

'సుడో' అనేది మాత్రం మా అత్తమ్మ నడుముకుండే తాళాల గుత్తిలాంటిది. లినక్స్‌లో ఇంటి యజమానికి కూడా రోజంతా పెత్తనం ఉండదు. మామూలు మనిషిలా తిరగాలి. ముఖ్యమైన అర తెరవాల్సి వచ్చినప్పుడు మాత్రం 'సుడో' అని, రహస్యపదం చెప్పి, ఆ ఒక్క పని చేసుకోవాలి. మంచి పద్ధతే. నా చేతికి ఆ గుత్తి దొరకడమే కొత్త.

అక్కడే వచ్చింది తంటా. పాటలున్న 'డి' భాగాన్ని రోజూ నొక్కి తెరవాల్సి వచ్చేది. ఆన్ చేయగానే దానంతటదే తెరుచుకుంటే బాగుండుననిపించింది. దానికో దారుంది. ఏ భాగాన్ని ఎక్కడ తెరవాలో రాసి ఉండే జాబితా పేరు 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్'. అది ఉండే సంచయం పేరు 'ఈటీసీ', అంటే వగైరా. ఇంత ముఖ్యమైన కాగితాలు 'వగైరా'లో పెట్టడమేమిటని నవ్వుకున్నాను గానీ, నేను మాత్రం ఇంటిపన్ను రశీదులు బియ్యం డబ్బాలో దాచడం లేదూ! డిస్కులో ఒక్కో భాగానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. 'డి' భాగానిది పదహారు అక్షరాలు. 'సుడో' చెప్పి, కళ్ళజోడు సరిచేసుకుని, ఆ పదహారూ కొట్టాను. కంప్యూటరును ఆపి మళ్ళీ ఆన్ చేశాను.

తెర నల్లగా అయిపోయింది. దేనికోసమో ఎదురుచూస్తున్నానంటూ ఒక్కో సెకనూ లెక్కపెట్టింది. ఒకటిన్నర నిమిషం. ఆ తర్వాత 'ఎమర్జెన్సీ' అనే మాట చూపించి ఆగిపోయింది. ఎంటర్ కొట్టినా అదే, ఆపి ఆన్ చేసినా అదే.

నా గుండె జారిపోయింది. కంప్యూటరు పోతే పోనీ, అమ్మ గొంతు? మావాడికి ఫోన్ చేస్తే స్విచాఫ్, వాడికి పరీక్షలు. మావారు వచ్చి తెరను చూశారు, నన్ను చూశారు. "ముట్టుకోకుమంటే వింటివా?" అనలేదు. ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నారు. అదింకా కష్టంగా ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి పడుకునే ఆలోచించాను. అంతకుముందు బాగా నడిచింది. నేను మార్చింది ఒక్క పంక్తి. నడక ఆ పంక్తి దగ్గరే ఆగి ఉండాలి. అయినా పాటలున్నది వేరే భాగంలో కదా! తలుపు గడియ పడినంత మాత్రాన ఇంట్లో సామాను పోతుందా? సందు తలుపు నుంచి వెళ్ళొచ్చు. పెన్‌డ్రైవు!

లేచి, పెన్‌డ్రైవు గుచ్చి, దానిమీదనుంచి నడిపాను. డిస్కు భాగాలు రెండూ కనిపించాయి. చేతులు వణుకుతూ 'డి' తెరిచాను. ఒకటి, రెండు, మూడు... పదకొండూ ఉన్నాయి. ముందు చేసిన పని, వాటిని ఇంకో పెన్‌డ్రైవులోకి కాపీ చేయడం. అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

తర్వాత డిస్కులోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి, నేను రాసిన పంక్తిని అసలు సంఖ్యతో అక్షరం అక్షరం పోల్చి చూశాను. పదకొండో అక్షరం దగ్గర దొరికింది దొంగ. ఎనిమిది కొట్టాల్సినచోట ఇంగ్లీషు 'బి' కొట్టాను! లేని భాగం కోసం పాపం అది ఒకటిన్నర నిమిషం గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. 'సుడో' చెప్పి దిద్దాను. పెన్‌డ్రైవు తీసేసి ఆన్ చేశాను. నేను పోపు గిన్నె వెతికేలోగానే తెర తెల్లారింది.

మూడో పాట పెట్టాను. మధ్యలో అమ్మకు దగ్గొచ్చింది. "బందు జెయ్యిరా, మరిచిపోతున్న" అని మనవడిని కసిరి, మళ్ళీ అందుకుంది. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మావారు. ఎప్పుడొచ్చారో, తలుపు పట్టుకుని నిలబడి వింటున్నారు. పాట అయిపోయాక, "ఇంకొకటి పెట్టు" అన్నారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను తప్పు కొట్టాను గనుక దిద్దుకోగలిగాను. డిస్కే పాడై ఉంటే ఏ లినక్సూ ఆ పాటలు తెచ్చి ఇచ్చేది కాదు. కనుక మీ ఇంట్లో ఏ కంప్యూటరు ఉన్నా సరే, పోతే మళ్ళీ రానివి ఏమేమున్నాయో ఈ ఆదివారమే చూసుకుని, రెండు చోట్ల కాపీలు పెట్టుకోండి. నేనిప్పుడు ఒకటి బీరువాలో పెట్టాను, ఇంకొకటి మా అక్కకు పంపాను.

సంక్రాంతికి మా అబ్బాయి వాళ్ళు వచ్చారు. ఏడేళ్ళ మనవరాలు నేరుగా కంప్యూటరు ముందుకెళ్ళి కుర్చీ ఎక్కింది. వేళ్ళు మీటల మీద పెట్టి, మా అందరి ముఖాలూ చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా నాయిన రేడియో ముందు నిలబడి నేను చూసిన చూపే.

మావారు నోరు తెరిచారు. నేను వారి వైపు చూశాను. ఏమనుకున్నారో, మళ్ళీ పేపరు తీసుకున్నారు.

"ముట్టుకో బిడ్డా," అన్నాను. "కాపీ ఉంది."