ల్యాప్‌టాప్ ఆగింది, గంటలు మిగిలినయి

మొన్న నెలాఖరు రోజు సైట్ ఆఫీసుల నా ల్యాప్‌టాప్ మళ్లా బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, ఏ కీ నొక్కినా ఉలకదు పలకదు. మా 34 మంది ఓవర్‌టైం లెక్క అండ్లనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. తప్పు నాదే. "అన్నా, మా గంటలు ఉన్నయా?" అని ఒక తమ్ముడు అడిగితే నోట మాట రాలేదు.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపిన. చల్లారినంక ఆన్ చేసి, ముందుగాల ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించిన. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూస్తే డిస్క్, మెమరీ బాగానే ఉన్నయి. కానీ అడుగున చెయ్యి పెడితే పెనం లెక్క కాలుతుంది. మళ్లా ఆపి, చార్జర్ తీసి, మూత విప్పితే ఫ్యాన్ దగ్గర జాలీ నిండా సిమెంటు దుమ్మే. వేడి బయటికి పోయే దారి లేదు.

ఫ్యాన్ తిరగకుండ పుల్ల అడ్డం పెట్టి, మెత్తని బ్రష్‌తో దులిపిన. సైట్ కంప్రెషర్‌తో మాత్రం కొట్టకండి, ఆ గాలిల నీళ్లు కూడా వస్తయి.

అప్పటిసంది మళ్లా ఆగలేదు. అయినా రోజూ సాయంత్రం గంటలు నోట్‌బుక్‌ల రాసి, అందరికీ చూపిస్తున్న. మీరు కూడా మీ గంటలు మీ దగ్గర రాసి పెట్టుకోండి.