సహజ మరణం అనే మాట

నేను రాసిన మొదటి దరఖాస్తు ఒక చావు గురించి. 2006లో, ఇంటర్ చదువుతున్నప్పుడు. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న అక్క భర్తని అంతకు రెండేళ్ల ముందు ఏదో దొంగతనం కేసులో పట్టుకెళ్లారు. బెయిలు వచ్చినా పూచీ నిలబడేవాళ్లు లేక పద్నాలుగు నెలలు జైల్లోనే ఉన్నాడు. కేసు విచారణకే రాలేదు. క్షయ ముదిరాక వదిలేశారు. ఇంటికొచ్చిన నలభయ్యో రోజున పోయాడు.

అక్కకి వితంతు పింఛను కోసం కాగితం కావాలి. "చదువుకుంటున్నదానివి, నువ్వే రాసిపెట్టు పాపా" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. జైలు, దగ్గు, మందులివ్వని నెలలు, అన్నీ. ఆఫీసులో గుమాస్తా చదివి కాగితం వెనక్కి నెట్టాడు. "ఆ జైలు గొడవంతా ఇందులో ఎందుకమ్మా? సుస్తీ చేసి సహజంగా మరణించాడని రాయి, పనైపోతుంది" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, మా పని జరగాలనే చెప్పాడు. కొత్త కాగితం తీసుకుని అలాగే రాశాను. అక్క వేలిముద్ర వేసింది. పింఛను వచ్చింది.

ఆ తర్వాత నేను సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. ఒక మాటని ఎవరు, ఎందుకు వాడుతున్నారు, అది దేన్ని కప్పిపెడుతోంది అని ఇతరుల రచనల్లో వెతకడమే నా వృత్తి అయింది. నేను రాసిన ఆ వాక్యాన్ని మాత్రం ఎప్పుడూ అలా చదువుకోలేదు.

2024 అక్టోబరు 12న ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయారని విన్నప్పుడు అది గుర్తొచ్చింది. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో బతికిన మనిషి. 2017లో జీవిత ఖైదు పడ్డాక ఏడేళ్లు నాగపూర్ జైల్లో ఉన్నారు. 2020లో తల్లి క్యాన్సరుతో చనిపోతుంటే చూడడానికి పెరోల్ ఇవ్వలేదు. పోయాక కర్మకాండలకీ ఇవ్వలేదు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషి అని తీర్పు చెప్పింది. బయటికొచ్చాక ఏడు నెలలు బతికారు. పిత్తాశయానికి ఆపరేషన్ చేశాక వచ్చిన సమస్యలతో పోయారు. అదే కేసులో శిక్షపడిన ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులో ఖైదీగానే జ్వరంతో చనిపోయాడు. హైకోర్టు తీర్పులో అతనూ నిర్దోషే. అప్పటికి అతను లేడు.

ఈ రెండు చావులకీ రాజ్యం లెక్కలో పోలిక లేదు. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లోగా తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. మెజిస్ట్రేటు విచారణ జరగాలని చట్టం ఉంది. అవి ఎంతవరకు అమలవుతున్నాయన్నది వేరే సంగతి, కనీసం అడగడానికి ఒక ఆధారం ఉంది. గేటు దాటాక పోయినవాళ్లకి అదీ లేదు. లోపల పోయినా, జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే జైళ్ల లెక్కల్లో జబ్బుతో పోయినవాళ్లంతా 'సహజ మరణాల' పట్టికలోకే వెళ్తారు. ఏటా జైలు మరణాల్లో అత్యధిక భాగం ఆ పట్టికవే. గుమాస్తా నాకు చెప్పిన మాట అతని సొంతం కాదని అర్థమైంది.

సహజం అనే మాటతో మనకి పాత పరిచయమే. చాకిరీ ఆడదానికి సహజం, ఓర్పు సహజం అన్నప్పుడల్లా దాని వెనక ఎవరి లాభం ఉందో చూడడం స్త్రీవాదం మనకి నేర్పింది. ఇక్కడా అదే చూడాలి. చావు దగ్గరపడ్డ మనిషిని ఇంటికి పంపిస్తే, ఆ చావు జైలుది కాకుండా ఇంటిదవుతుంది. కఫం గిన్నె కడిగేది, రాత్రులు కూర్చునేది, అప్పు తెచ్చేది ఆడవాళ్లే. రాజ్యం వదిలించుకున్న బాధ్యత వాళ్ల సేవలో కలిసిపోయి ఇక కనబడదు.

అలా కలిసిపోకుండా అడ్డుకున్నదీ ఒక తల్లే. 1987 డిసెంబరులో ఒడిశాలో నీలబతి బెహెరా కొడుకుని పోలీసులు తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. తప్పించుకుని పారిపోతే రైలు గుద్దిందన్నారు. ఆమె సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని, అది కస్టడీ మరణమేనని, రాష్ట్రం 1,50,000 రూపాయలు చెల్లించాలని 1993లో తీర్పిచ్చింది. కస్టడీ మరణాలకి పరిహారం అడిగేవాళ్లంతా ఈనాటికీ చూపించేది ఆ తీర్పునే. ఆమె ఉత్తరంలో కారణాన్ని మార్చి రాసి ఉంటే?

2025 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అక్క దగ్గర కూర్చున్నాను. అప్పుడు కాగితం మార్చి రాశానని, అది నన్ను బాధపెడుతోందని చెప్పాను. బొగ్గులపెట్టె ఆపకుండానే అంది: "నాకు తెలీదనుకున్నావా పాపా? ఆయన అన్నప్పుడు నీ పక్కనే ఉన్నాగా. పిల్లల కోసం వేలేశాను. ఒప్పుకుని కాదు."

పద్దెనిమిదేళ్లుగా ఆమెకి తెలియదనుకుని మోస్తున్నాను. అదీ నా చదువు తెచ్చిన అహంకారమే.

"మళ్లీ రాద్దామా అక్కా?" అన్నాను. "ఎవరు తీసుకుంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా సంచిలోంచి కాగితం తీశాను. జైలు పేరుతో మొదలుపెట్టి రాసి, చదివి వినిపించాను. దగ్గు మందు రెండు నెలలు ఇవ్వలేదని రాస్తే ఆపింది.

"రెండు కాదు, ఐదు. ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా అడిగేదాన్ని" అంది. కొట్టేసి, ఐదు అని రాశాను.