పుట్టి మీద కురుగడ్డకు

పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ మన రాయచూరు సీమ. చరిత్రకారులు దీనిని అంతర్వేది అంటారు. ఈ నడిమి నేల కోసం ఎందరు రాజులు తగవులాడినారో చెప్పాలంటే ఒక గ్రంథమే అవుతుంది. కాకతీయుల నాడు, 1294లో, విఠలనాథుడు రాయచూరు కోట కట్టించిన సంగతి కోటగోడలోని ఆ పొడవాటి రాతి మీద నేటికీ కనబడుతుంది. 1520లో కృష్ణదేవరాయలు ఇక్కడనే ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించినాడు. ఓడిన సైన్యం కృష్ణ దాటబోయి ఎందరో నీటి పాలైనారని నూనిజ్ అనే పోర్చుగీసువాడు వ్రాసిపెట్టినాడు.

ఇంత పేరుగల నది ఇంత దగ్గరలో ఉన్నా, పట్టణంలో కాపురమున్న మన తెలుగు కుటుంబాలలో దాని మీద ప్రయాణం చేసినవారు తక్కువే. 1871లో బొంబాయి వైపు నుంచి ఒక రైలుదారి, మద్రాసు వైపు నుంచి ఒక రైలుదారి వచ్చి రాయచూరులో కలిసినవి. అప్పటినుంచి మనకు కృష్ణ అంటే రైలు కిటికీలోనుంచి కనబడే కృష్ణే. బండి వంతెన మీద గడగడలాడుతూ ఉండగా ఒక రూపాయి బిళ్ళ విసిరి, పిల్లల చేత దణ్ణం పెట్టించి, మళ్ళీ పులిహోర పొట్లం విప్పుకుంటాము. అంతటితో సరి.

మా ఆఫీసులో వాళ్ళమంతా కలిసి కిందటి మాఘమాసంలో ఒక ఆదివారం పుట్టి ఎక్కవలసి రావడానికి కారణం, బదిలీ మీద వచ్చిన ఒక పిఠాపురం కుర్రవాడు. మధ్యాహ్నం కారేజీలు విప్పిన దగ్గరనుంచి అతడికి గోదావరి తప్ప వేరే మాట లేదు. పాపికొండల లాంచీ ఎక్కనివాడి జన్మ వృథా అనేవాడు. మా కన్నడ మిత్రులు కూడా ఓపికగా వినేవారు. ఒకనాడు మా అటెండరు మంచినీళ్ళ గ్లాసులు సర్దుతూ, "మాకూ లాంచీ ఉంది సార్. కాకపోతే గుండ్రంగా ఉంటది" అన్నాడు. అందరమూ నవ్వినాము. అతని ఊరు కృష్ణ నడుమ ఒక గడ్డ మీద ఉన్నదని పిఠాపురం కుర్రవాడు వినడం అదే మొదలు. వెంటనే ప్రయాణం నిశ్చయమైపోయింది.

గోదావరి జిల్లాల వారు లంక అనేదాన్ని ఇక్కడివారు గడ్డ అంటారు. కన్నడంవారికి అదే గడ్డె. కృష్ణలో ఇటువంటి గడ్డలు కొన్ని ఉన్నవి. వాటిలో పేరు మోసినది కురుగడ్డ, అనగా దత్తభక్తులు చెప్పుకునే కురువపురం. రాయచూరు నుంచి ఆత్కూరు దాకా సుమారు పాతిక ముప్పయి కిలోమీటర్లు బండిలో వెళ్ళి, అక్కడనుంచి ఏరు దాటాలి. ఆవలి ఒడ్డున పంచదేవ్ పహాడ్. అది తెలంగాణ. ఏటి నడుమనున్న గడ్డ కర్ణాటకది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు, అంతవరకు రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. మన పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ గద్వాలను "మన జిల్లాయే కదా" అనడం అందుకే.

మేము పదకొండు మందిమి. హెడ్‌గుమాస్తా గారు, వారి భార్య, క్యాషియరు గారు, కన్నడ మిత్రులు ముగ్గురు, కంప్యూటర్ల దగ్గర పని చేసే ఆడపిల్లలు ఇద్దరు, తక్కిన వాళ్ళము. దారి పొడుగునా మిరపకాయలు ఆరబోసిన కళ్ళాలు ఎర్రగా మెరుస్తున్నవి. పులిహోర చింతపండుదా నిమ్మకాయదా అన్న చర్చ ఆత్కూరు చేరేదాకా తెగలేదు. తీరా విప్పితే మిత్రులు తెచ్చిన జొన్నరొట్టెలు, నూనెవంకాయ, వేరుశనగ పొడి ముందు అయిపోయినవి. పులిహోర సాయంకాలం దాకా మిగిలింది.

రేవులో రెండు పుట్లున్నవి. పుట్టిని చూడనివారికి చెప్పాలంటే, అది ఒక పెద్ద వెదురుబుట్ట. వెనుకటి రోజుల్లో బయట తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ కప్పి తారు పూస్తున్నారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. అడుగు బల్లపరుపుగా ఉండడం వల్ల మోకాలి లోతు నీళ్ళలోనైనా, రాళ్ళ మీదుగానైనా పోతుంది. లాంచీ పోలేనిచోట పుట్టి పోతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పేస్ అనే పోర్చుగీసువాడు ఆనెగొంది దగ్గర ఇటువంటి బుట్ట పడవలే చూసి, వాటిలో పదిహేను ఇరవై మంది ఎక్కుతారనీ, గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ వ్రాసినాడు. ఇంజనులు వచ్చినవి, వంతెనలు వచ్చినవి. పుట్టి మాత్రం అదే ఆకారంలో ఉన్నది.

రేవులో లైఫ్‌జాకెట్లు ఆరే ఉన్నవి. "నీళ్ళు తక్కువ కాలమే కదా, ఏమవుతుంది? ఒక్కసారే ఎక్కేద్దాం" అన్నారు క్యాషియరు గారు. అప్పుడు మా అటెండరు అడ్డం నిలబడినాడు. ఆఫీసులో పిలిస్తే తప్ప పలకని మనిషి. "జాకెట్టు లేనివాళ్ళు ఎక్కేది లేదు సార్. రెండు తడవలు పోదాం" అన్నాడు. పుట్టివాడు కూడా తల ఊపినాడు. 2020 ఆగస్టులో పంచదేవ్ పహాడ్ నుంచి గడ్డకు తిరిగివస్తున్న పుట్టి ఒకటి ప్రవాహంలో బోల్తా పడింది. పదమూడు మందిలో నలుగురు గల్లంతైనారు. బజారుకు పోయి సామాను తెచ్చుకుంటున్నవాళ్ళు. ఆ సంగతి అతడు రెండు ముక్కలలో చెప్పి ఊరుకున్నాడు. క్యాషియరు గారు మారు మాటాడక రెండో తడవకు ఆగిపోయినారు.

పుట్టి నడపడంలో ఒక మెళకువ ఉన్నది. ఎదురుగా కనబడే రేవుకు తిన్నగా తెడ్డు వేస్తే ప్రవాహం మనలను దిగువకు లాక్కుపోతుంది. అందుచేత ముందుగా ఒడ్డు వెంబడి కొంత దూరం ఎగువకు పోయి, అక్కడనుంచి ఏటికి అడ్డం పడతారు. ఆ ప్రవాహమే తెచ్చి రేవులో దింపుతుంది. తెడ్డు ఒక పక్కనే వేస్తే పుట్టి గిర్రున తిరుగుతుంది. కుర్రకారు సరదా పడగా పుట్టివాడు రెండుసార్లు కావాలనే తిప్పినాడు. హెడ్‌గుమాస్తా గారు కళ్ళు మూసుకుని విష్ణుసహస్రం ప్రారంభించినారు. పిఠాపురం కుర్రవాడు మాత్రం నోరు మెదపక బుట్ట అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. భీమ కలిసిన తరువాతి కృష్ణ కాబట్టి మాఘమాసంలో కూడా నీరు నిండుగానే తోచింది. నల్లని రాతిగుండ్ల మీద కొంగలు నిలబడి ఉన్నవి. తెడ్డు చప్పుడు తప్ప మరేమీ లేదు.

గడ్డ మీద దిగగానే పిఠాపురం కుర్రవాడికి మళ్ళీ మాట వచ్చింది. అందుకు కారణమూ ఉన్నది. ఇక్కడి గుడి శ్రీపాద శ్రీవల్లభులది. వారిని దత్తావతారమని భక్తులు కొలుస్తారు. పధ్నాలుగో శతాబ్దంలో పిఠాపురంలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తీర్థాలు తిరిగి, ఈ గడ్డ మీద తపస్సు చేసుకుని, ఇక్కడి కృష్ణలోనే అంతర్హితులైనారని నమ్మిక. వారి కథను మరాఠీలో గురుచరిత్రగా వ్రాసినవారు సరస్వతీ గంగాధరులు. అందుచేత ఈ గుడిలో తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ వినబడతవి. "మా ఊరివాడు ఆరువందల ఏళ్ళ క్రితమే ఇక్కడికి బదిలీ మీద వచ్చినాడన్నమాట" అన్నాడు కుర్రవాడు.

గురుచరిత్రలో ఈ రేవును గురించిన కథ ఒకటి ఉన్నది. ఒక రజకుడు రోజూ ఏటి ఒడ్డున బట్టలుతుకుతూ స్వామికి నమస్కారం చేసేవాడట. ఒకనాడు ఒక తురక రాజు పరివారంతో, స్త్రీలతో, మేళతాళాలతో నావ మీద విహరిస్తూ పోగా చూసి, ఈ సుఖం కదా సుఖమంటే అనుకున్నాడట. స్వామి అతడి మనసు తెలుసుకుని, వచ్చే జన్మలో బీదరులో రాజువై పుడతావని వరమిచ్చినారట. గుడి ముందు చెట్టు నీడలో కూర్చుని ఈ కథను హెడ్‌గుమాస్తా గారు చక్కగా చెప్పినారు. విని మా అటెండరు, "రాజు సరదాకు పోయినాడు సార్. ఆ చాకలాయన రోజూ ఏట్లోనే బతికినాడు" అన్నాడు.

భోజనాలైనాక అతని ఊరున్న మరో గడ్డకు వెళ్ళినాము. వరిమళ్ళు, కొద్దిగా జొన్న, పశువులు, ముప్పయి నలభై ఇళ్ళు. అతని తల్లి అరుగు మీద చాపలు వేసి, అందరికీ మజ్జిగ ఇచ్చింది. అతని కూతురు పి.యు.సి. మొదటి సంవత్సరం చదువుతున్నది. పుస్తకాలు చూపించమంటే సిగ్గుపడుతూనే తెచ్చింది. ఎంతో పొందికైన చేతివ్రాత. మధ్య మధ్య పాఠాలకు పాఠాలే ఖాళీలు. ఏమమ్మా అని హెడ్‌గుమాస్తా గారి భార్య అడిగినారు.

"అవి వానకాలం రోజులు పెద్దమ్మా. నారాయణపురం డ్యాం నీళ్ళు వదిలితే పుట్టి ఆపేస్తారు. పోయిన ఏడు ముప్పయి నాలుగు రోజులు పోలేకపోయినా."

హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. హాస్టలులో చోటు దొరకలేదు. పట్టణంలో ఇల్లు తీసుకుందామంటే ముసలమ్మ కదలదు. 2009లోనూ, 2019లోనూ వరద వచ్చినప్పుడు గడ్డను వదిలిరమ్మంటే పశువులను విడిచి రానన్నదట. వచ్చే ఏడు చదువు మానిపించేద్దామా అన్న ఆలోచన ఇంట్లో నడుస్తున్నది. అటెండరు ఇదంతా నేల చూస్తూ చెప్పినాడు.

హెడ్‌గుమాస్తా గారి భార్య ఎక్కువ మాటలాడే మనిషి కారు. కాసేపు మజ్జిగ గ్లాసు చేతిలో తిప్పి, "జూన్ నుంచి అక్టోబరు దాకా పిల్లను మా ఇంట్లో ఉంచండి. మా పిల్లలు ఇద్దరూ దూర దేశాలలో ఉన్నారు. గది ఖాళీగా ఉన్నది" అన్నారు.

ముసలమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "మీ వంట వేరు, మా వంట వేరు తల్లీ. మీ ఇంట్ల మా పిల్ల ఎట్లుంటది?"

"ముప్పయ్యేళ్ళుగా ఈ సీమలోనే ఉన్నాము అవ్వా. జొన్నరొట్టె తట్టడం నాకూ వచ్చును."

"ఊరికే అయితే పంపను."

"ఊరికే వద్దు. ఏడాదికి సరిపడా జొన్నలు పంపించండి. మాకూ బజారు ఖర్చు తగ్గుతుంది."

ముసలమ్మ మనుమరాలి వంక చూసింది. "వానలు తగ్గినాక వచ్చేస్తా అవ్వా. కోతలకు ఇక్కడనే ఉంటా" అన్నది ఆ పిల్ల. అప్పటికి ముసలమ్మ అవునని గాని కాదని గాని అనలేదు. మేము రేవుకు దిగుతూ ఉండగా వెనకనుంచి కేక వేసి, జొన్నలు తెల్లవా పచ్చవా అని అడిగించింది. హెడ్‌గుమాస్తా గారి భార్య నవ్వి, "తెల్లవి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో పుట్టివాణ్ణి, వంతెన పడితే నీ గతేమిటని మాలో ఒకరు అడిగినారు. "నా పిల్లలు కూడా బడికి పోవాలె గదా సార్. వంతెన వస్తే చేపలు పట్టుకుంటా" అన్నాడు.

ఆషాఢంలో ఆ పిల్ల రెండు సంచుల జొన్నలతో రాయచూరు వచ్చింది. మొదటి వారం దిగులుగా ఉన్నదట. ఇప్పుడు సాయంకాలాలు హెడ్‌గుమాస్తా గారికి కన్నడ పత్రిక చదివి వినిపిస్తున్నది. రాజు నావ కథ కూడా ఆయన చేత మళ్ళీ చెప్పించుకున్నదని విన్నాము.

మన సంఘ కుటుంబాలవారు కురుగడ్డకు తప్పక వెళ్ళిరావాలి. సింధనూరు, మాన్వి క్యాంపులనుంచి వచ్చేవారు తెల్లవారుజామున బయలుదేరితే సాయంకాలానికి ఇల్లు చేరవచ్చును. మాఘ, ఫాల్గుణ మాసాలు మంచివి. వానలు పడ్డాక, ఎగువనుంచి నీళ్ళు వదిలినారని తెలిసినాక, ఎవరెంత పిలిచినా పుట్టి ఎక్కకండి. జాకెట్లు ఎన్ని ఉంటే అంతమందే ఎక్కండి. ఎండ ఎక్కువ కాబట్టి గొడుగులు, మంచినీళ్ళు మరువకండి. పుట్టి కూలి దగ్గర బేరమాడవద్దు. గడ్డ మీద బడిపిల్లలెవరైనా కనబడితే, వానకాలంలో బడికి ఎట్లా పోతున్నారని ఒక్క మాట అడిగి రండి. పట్టణంలో ఖాళీ గదులున్న ఇళ్ళు మనలో ఇంకా కొన్ని ఉన్నవి.