ఒక్క లిస్టు కోసం రాసుకున్న నాలుగు లైన్లు



గోపాల్‌పేట చుట్టుపక్కల తండాల పిల్లల స్కాలర్‌షిప్ రెన్యువల్ లిస్టు ఈసారి మా మీద పడ్డది. వివరాలన్నీ వాట్సాప్‌లో వచ్చినయి. ఒకరు పేరు ముందు రాసిన్రు, ఇంకొకరు ఫోన్ నంబర్ ముందు. గడువు మూడే రోజులు.

మాలో ఒకరికి ఈమాక్స్ వచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ ఉచితం. మనకు కావల్సినట్టు మలుచుకోవచ్చు. ఎఫ్3 నొక్కి ఒక లైను సరిచేసినం, ఎఫ్4తో ఆపినం. మళ్లీ ఎఫ్4 నొక్కితే కింది లైను కూడా అట్లనే మారింది. రోజంతా పట్టే పని గంటల అయిపోయింది.

ఆ సంబురంలో ఈమాక్స్ లిస్ప్‌లో నాలుగు లైన్లు రాసి, పేరు, తండా ఒకటే ఉన్నవాటిని డబుల్ ఎంట్రీ అని తీసేయించినం. రాత్రి పాత లిస్టుతో పోల్చి చూస్తే, తీసేసిన ఒక లైనుల ఫోన్ నంబర్ వేరే ఉంది. కాల్ చేసినం. ఒకే తండా, ఒకే పేరు, కానీ ఇద్దరు చెల్లెండ్లు! చూడకపోతే ఒకరి ఏడాది స్కాలర్‌షిప్ మా చేతుల మీదుగా పోయేది.

ఒక్కసారి పనికి రాసే ప్రోగ్రాం అందంగా లేకున్నా నడుస్తది. కానీ దాన్ని తీసెయ్యమనొద్దు, చూపియ్యమనాలె. తీసేసుడు మనం ఫోన్ చేసి అడిగినంకనే.

మీ తండా లిస్టు ఉంటే చెప్పున్రి, కలిసి కూసొని చేద్దాం.