పళ్ళెంలో కార్డులు



సంతలో చిలక జోస్యం చెప్పించుకోవద్దని పోయిన ఏడాది మీకు గంటసేపు ప్రసంగించాను. చిలక కార్డు లాగుతుందంతే, ఎదుటివారి ముఖం చూసి మిగతాది అల్లేది ఆ మనిషే అన్నాను. మీరు నవ్వారు కూడా.

ఆ డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎప్పటిలాగే వాగ్దానపు కార్డులు స్టీలు పళ్ళెంలో పోసి అందరిచేత తీయించాను. మన సహోదరి ఒకామెకు స్వస్థతను గూర్చిన వాక్యం వచ్చింది. (ఆమెను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది.) టీబీ మాత్రలు మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. వికారంతో కూలికి కూడా పోలేకపోతోంది. కార్డు చూపించి, "అయ్యగారూ, ఇంక మాత్రలు అక్కర్లేదన్నట్టేనా?" అని అడిగింది. వెనక పెద్ద వరుస ఉంది. "దేవుడు మాట ఇచ్చాడు కదమ్మా, నమ్ము" అనేసి తర్వాతవారికి పళ్ళెం చాపాను.

ఆమె నమ్మింది.

టీబీకి మామూలుగా 6 నెలలు ఆపకుండా మందు వాడాలి. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. మార్చిలో ఆమె నోట రక్తం పడ్డాక ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చి, ఆ కార్డు బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి యెషయా గ్రంథము 38వ అధ్యాయం తీశాను. హిజ్కియాకు 15 సంవత్సరాల ఆయుష్షు పెరుగుతుందన్న మాట తెచ్చిన ప్రవక్తే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే. ముద్ద సంగతి ఏనాడూ ఎత్తలేదు.

కార్డులు పూర్తిగా మాన్పించలేకపోయాను. పెద్దలు ఒప్పుకోలేదు, నిజం చెప్పాలంటే నాకూ మనసు రాలేదు. కానీ జబ్బుతోనో అప్పుతోనో ఉన్నవారు వచ్చి "దీనర్థం ఏంటి?" అంటే, కార్డు పక్కన పెట్టి ముందు వారి సంగతి అడుగుతున్నాను. ఆపరేషను, పెళ్ళి, పొలం అమ్మకం, వీటి విషయంలో "దేవుడు నాతో చెప్పాడు" అనడం మానేశాను. ఆ పూట వారి కానుక కూడా ముట్టను. భయంలో ఉన్న మనిషి ఎంతైనా ఇస్తుంది, అది మా పాస్టర్లకు బాగా తెలుసు.

ఆమెకు మళ్ళీ కఫం పరీక్షలు చేసి మందులు పెట్టారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అడిగింది, "నాకు తగ్గిపోద్దా, అయ్యగారూ?"

"నాకు తెలీదమ్మా" అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమైందో!

బుధవారం పొద్దున బస్సుకి మా ఇంటావిడా నేనూ ఆమెతో ఆస్పత్రికి వెళ్తున్నాం.