భారోద్ధరణము – అభ్యాసము

2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యపతకం సాధించారు.

బలము కేవలం మాంసగతమని లోకభ్రాంతి. మస్తిష్కము నుండి వెలువడిన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా చాలకనాడులకు చేరి, అసంఖ్యాక కండరతంతువులను ఏకకాలమున మేల్కొలిపినప్పుడే భారము లేచును. సాధన ఆరంభించిన తొలివారములలో కండ పెరుగకమునుపే బలము పెరుగుటకు ముఖ్యకారణమిదే: అభ్యాసము మొదట నాడులనే సంస్కరించును.

మల్లీశ్వరి తుదియత్నమున స్వర్ణకాంక్షతో 137.5 కిలోలకు పూనుకొన్నారు, అది దక్కలేదు. అదే దేహము, అదే సాధన! మనోనిగ్రహమునకు గీత అభ్యాసమును వైరాగ్యముతో జతపరచినది. నాడులను సిద్ధపరచుట సాధకుని వంతు. ఫలము అతని అధీనము కాదు. దించవలసిన భారము ఫలాపేక్షయే.